బంతి గీత మీద ఆగిన సైకిల్

ఎందుకు ఆగింది? దాటేస్తున్న పిల్ల దాటేయక మధ్యలో ఎందుకు ఆగింది? అశ్వారావుపేట దవాఖానా వరండాలో సిమెంటు బెంచీ మీద కూర్చున్న షాలేమ్‌రాజు తనను తాను ఇలా ప్రశ్నించుకోవడం ఇది ఇరవయ్యోసారి. మోకాళ్ల మీద అట్ట, అట్ట మీద ఫారం, చేతిలో మూత తీయని పెన్ను. మెడలో విజిల్ ఇంకా వేలాడుతూనే ఉంది, తీయడం మరిచిపోయాడు. ఎదురుగా ఎక్స్‌రే గది తలుపు వేసి ఉంది, దాని వెనక మంగ్లి ఉంది, ఎడమ భుజం పట్టుకుని, ఏడవకుండా. గోడ గడియారంలో రెండూ ఐదు. మూడింటికల్లా ఫారం గ్రౌండుకు చేరాలి. అంపైరు పనిలో అతనికి నచ్చనిది ఈ కాగితం ఒక్కటే. విజిల్ కొట్టడం ఇష్టం, ఎండలో గీతల వెంట పరుగెత్తడం ఇష్టం, సైకిల్ పోలో అంటే ఏమిటని దారిన పోయేవాడు అడిగితే అరగంట నిలబెట్టి చెప్పడం మరీ ఇష్టం: గుర్రాల మీద ఆడే పోలోనే నాయనా, గుర్రం బదులు సైకిల్, దానికి గడ్డి ఖర్చు లేదు. కాగితం మాత్రం ఒక పేరు అడుగుతుంది.

ప్రమాదకర ఆటకు బాధ్యులు, అని ఒక గడి. ఒక్క పేరు. ఆ గడిలో పేరు ఎక్కితే ఆ మనిషికి ఏడాదిపాటు ఆట లేదు. రాష్ట్రం జట్టు జాబితా ఈ సాయంత్రమే వెళుతుంది, అందులో మంగ్లి పేరూ ఉంది, మధిర నుంచి వచ్చిన సాహిత్య పేరూ ఉంది, ఇప్పుడు ఇద్దరిలో ఒకరిని షాలేమ్‌రాజు కొట్టేయాలి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అయినా రూలు ప్రకారం చూస్తే కష్టమేమీ లేదు, కష్టమంతా అక్కడే ఉంది. బంతిని కొట్టినప్పుడు అది ఏ దారిన పోతుందో ఆ దారిని ఒక గీత అనుకోవాలి. నేల మీద కనపడదు, బుర్రలో ఉండాలి. గీత వెంట తొక్కుతూ వచ్చేవాళ్లదే దారి. అడ్డంగా దాటేవాళ్లు దూరం చూసుకుని దాటాలి, దాటేస్తే ఏ తప్పూ లేదు. గీత మీద ఆగితే మాత్రం అది ఆగినవాళ్ల తప్పే, వచ్చి గుద్దినవాళ్లది కాదు. మంగ్లి ఆగింది. సాహిత్య గుద్దింది. రెండు సైకిళ్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, మంగ్లి భుజం కింద ఒక చక్రం తిరుగుతూనే ఉంది చాలాసేపు. పేరు రాసి సంతకం పెట్టడానికి అర నిమిషం చాలు. అతను అరగంట నుంచీ పెన్ను మూతతో పళ్లు గీక్కుంటున్నాడు.

పదకొండు అడుగులు. మంగ్లి ఆగిన చోటికీ, అప్పుడు సాహిత్య ఉన్న చోటికీ మధ్య పదకొండు అడుగులు, తన అడుగులతో. అందరూ నీళ్లు, గుడ్డ, ఆటో అని కేకలు పెడుతుంటే అతను ముందు అడుగులు కొలిచాడు. పిల్ల పడుంటే కొలతలేందయ్యా అని ఎవరో తిట్టారు కూడా. తిట్టనీ. కొలవకపోతే మట్టి మీద టైరు జాడలు జనం కాళ్ల కింద చెరిగిపోతాయి, ఆ తర్వాత ఎవడి కథ వాడు చెబుతాడు. సంపూర్ణ ఉంటే ఇంకోలా తిట్టేది. మీ చెల్లెలి పెళ్లిలో కరెంటు పోతే అందరూ పెళ్లికూతురి దగ్గరికి ఉరికితే నువ్వు ఫ్యూజు దగ్గరికి ఉరికినవు, అని ముప్పై ఏళ్లుగా భార్య అంటున్న మాట. నిజమే. ఏదైనా ఎట్లా జరిగిందో తెలియకపోతే అతనికి అన్నం సహించదు. పొద్దున ఆరాధన మధ్యలో లేచి వచ్చినందుకు ఇంటికి వెళ్లాక ఆ సంగతి వేరే ఉంటుంది. పదకొండు అడుగుల దూరం ఉంటే మంగ్లి దాటేసేదే. మూడొంతులు దాటేసింది కూడా. ఇంకొక్క తొక్కుడు చాలు. కాలు పెడల్ మీదే ఉంది, చూపు ముందుకే ఉంది, భయపడిన ముఖం కాదది. రెండు చేతులా బ్రేకు పట్టింది. ఆగింది.

సాహిత్య బెంచీ రెండో చివర కూర్చుని ఉంది. హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని దాని పట్టీని చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. మోచేతి మీద గీరుకుపోయిన చోట మందు పూశారు. వాళ్ల జట్టంతా గ్రౌండులోనే ఉంది, ఈ పిల్ల మాత్రం వద్దన్నా ఆటో ఎక్కింది.

"నేను అరిచాను సార్," అంది, పట్టీ చూస్తూనే. "గట్టిగానే అరిచాను. పక్కకి అని. మీరు చెప్పినట్టే."

"విన్నమ్మా. నాకు వినొచ్చింది."

"మరి ఆ అమ్మాయికి వినపడలేదేమో సార్."

వినపడింది. అది మాత్రం అతనికి తెలుసు, ఎందుకంటే అరుపు వచ్చాకనే ఆగింది, అరుపు వచ్చిన మరుక్షణం ఆగింది. వినపడక కాదు, వినపడే ఆగింది. ఎందుకు?

తొడ మీద పాత మచ్చ ప్యాంటు లోపల దురద పెట్టింది, వాన పడేముందు పెడుతుంది. రూపాయి బిళ్లంత గుండ్రని మచ్చ. పంతొమ్మిదేళ్లప్పుడు మధిర రైల్వే గ్రౌండులో, అప్పుడు అతను ఆటగాడు, ఎదుటివాడి సైకిల్ హ్యాండిల్ చివర బిరడా లేదు, ఉత్త ఇనుప గొట్టం, పడ్డప్పుడు అది తొడలోకి దిగింది. మూడు నెలలు మంచం మీద పడుకుని ఆలోచించింది నొప్పి గురించి కాదు, ఒక చిన్న రబ్బరు బిరడా గురించి. అప్పటినుంచి ఏ ఆట మొదలయ్యే ముందైనా ప్రతి హ్యాండిల్ చివరా బొటనవేలితో నొక్కి చూస్తాడు. రూలు పుస్తకం చదివినప్పుడల్లా అతనికి ఒక వింత ఆలోచన వస్తుంది, ప్రతి రూలు కింద ఒక మనిషి పడి ఉంటాడని. హెల్మెట్‌కు ముందు ఇనుప జాలీ ఉండాలని రాశారంటే ఎక్కడో ఎవరిదో కన్ను పోయిందని. స్టిక్కు భుజం పైకి లేపకూడదని ఉందంటే ఎవరిదో దవడ. ఎవరి పేరూ రాసి ఉండదు. బిరడా రూలు కింద తనున్నాడు. బెల్లులు పీకేయాలన్న రూలు కింద ఎర్రుపాలెం పిల్ల ఒకతె ఉంది, మూడేళ్ల కిందట హ్యాండిల్ మీద పడితే బెల్లు మూతకు పెదవి తెగింది, ఆ వారమే షాలేమ్‌రాజు జిల్లా కమిటీలో లేచి నిలబడి బెల్లులన్నీ పీకించాడు. పోయిన ఏడాది వెనక నుంచి వచ్చినవాళ్లు ముందున్నవాళ్లకు తెలియక రెండుసార్లు గుద్దుకున్నారు, మళ్లీ లేచి నిలబడి, గీత మీద వచ్చేవాళ్లు గట్టిగా అరవాలి అన్నాడు, అదీ రాశారు. కమిటీవాళ్లు నవ్వుకుంటారు. ఈయన లేస్తే ఒక రూలు లేస్తది అంటారు. నవ్వితే నవ్వనీ, దెబ్బలు తగ్గాయా లేదా?

ఫోను మోగింది. టోర్నమెంటు పెట్టించిన వెంకటనారాయణ గారు, సత్తుపల్లి దారిలో నలభై ఎకరాల పామాయిల్ తోట ఆయనది, మాట మర్యాదగానే ఉంటుంది, ఆగడం మాత్రం తెలియదు.

"ఏమండీ రాజుగారూ, అమ్మాయికి ఎలా ఉంది? పర్వాలేదా? ఆఁ, మంచిది. మరి ఆ పేరు చెప్పేస్తే నేనిక్కడ ఎక్కించేస్తాను, జాబితా పంపాలి. ఆగింది కదండీ ఆ పిల్ల, అందరం చూశాం."

"ఆగింది సార్. ఎందుకాగిందో సూస్తున్న."

"ఎందుకైతే ఏమిటండీ?"

మంచి ప్రశ్నే. ఎందుకైతే ఏమిటి? మూడింటి వరకు టైముంది సార్ అని పెట్టేశాడు. ఎందుకైతే ఏమిటంటే అతని దగ్గర ఉన్నది దురద మాత్రమే. గీత మీద ఆగకూడదని మంగ్లికి తెలియదా అంటే, ఆమెకు తెలిసినంత జిల్లాలో ఎవరికీ తెలియదు, ఆరేళ్లుగా తనే నేర్పాడు. ఇరవై మూడేళ్ల పిల్ల. పొద్దున తోటలో రాలిన పళ్లు ఏరుతుంది, సాయంత్రం గ్రౌండులో బంతి వెంట ఎగురుతుంది, పళ్లు ఏరీ ఏరీ ఆ నడుము నేల మీది దేనికైనా వంగుతుంది, అందుకే బంతిని అంత కిందకు వంగి తీస్తుంది. ఈ ఏడాది జట్టులోకి పోతే మళ్లీ తోటకు రానని ఒకరోజు అంది. వెంటనే, వస్తలే సార్ అమ్మ ఒక్కతే అయితది, అని కూడా అంది. ఆ పేరు గడిలో రాయాలా? రాయకపోతే సాహిత్య పేరు రాయాలి. రూలు పాటించిన పిల్ల అది, అరవమంటే అరిచింది. నిజం చెప్పాలంటే ఈ రెండు పేర్లూ రాయడానికి అతనికి చెయ్యి రావడం లేదు, మనసులో బాధగానే ఉంది, బాధకు ఫారంలో గడి లేదు.

గేటు బయట ట్రాక్టరు వెనక్కి వస్తోంది, పామాయిల్ గెలలు నెత్తికెత్తి. ఈ ఊళ్లో పొద్దంతా అవే, మిల్లుకు పోయేవి. దవాఖానా ముందున్న గుంత చూసుకోకుండా వెనక చక్రం అందులో దించాడు, ట్రాలీ వంగింది, పై గెల ఒకటి జారింది. మీదున్న మనిషి అరిచాడు, హో...య్, అని, గొంతు చీల్చుకుని.

వరండా ఆగిపోయింది. తడిగుడ్డ పెడుతున్న ఆయమ్మ కర్ర గాలిలోకి ఎత్తినట్టే ఆగింది. సెలైన్ సీసా పట్టుకుని మెల్లగా నడుస్తున్న ముసలాయన ఒక కాలు ముందుకు వేసి ఆగాడు. టీ తెస్తున్న ఆటో డ్రైవరు ఆగాడు, గ్లాసు వంగి టీ చేతి మీద కారుతున్నా కదల్లేదు. నర్సు మాత్రం ఏమైంది ఏమైంది అంటూ గేటు వైపు ఉరికింది, సాహిత్య బెంచీ మీంచి పక్కకు గెంతింది. గెల రోడ్డు మీద దబ్బుమని పడింది, ఎవరి మీదా పడలేదు. ఆయమ్మ మళ్లీ గుడ్డ పెట్టింది, ముసలాయన రెండో కాలు వేశాడు, డ్రైవరు చెయ్యి విదిలించుకుని తిట్టాడు. తాము ఆగినట్టు వాళ్లలో ఒక్కరికీ తెలిసినట్టు లేదు. షాలేమ్‌రాజు తన కుడిచేతిని చూసుకున్నాడు. మచ్చ గీరుకుందామని లేచిన చెయ్యి, తొడకు జానెడు పైన ఆగి ఉంది.

వెంటనే అర్థం కాలేదు. ముందు నవ్వొచ్చింది. ఆయమ్మ తోటలో పదేళ్లు చేసింది, ముసలాయన గెలలు కోసినవాడు, డ్రైవరు ఆటో కొనక ముందు తోట ట్రాక్టరు మీద ఉండేవాడు, ఉరికిన నర్సుది ఖమ్మం, గెంతిన సాహిత్యది మధిర, అని వరుసగా లెక్క కట్టుకుంటూ పోయాడు, అలవాటు కొద్దీ. అప్పుడు లెక్క ఆపాడు. వీళ్లకు ఆగడం నేర్పింది ఎవరు?

మంగ్లి తండ్రి రామ్‌సింగ్ పోయింది కూడా వానాకాలమే. పదకొండేళ్లయింది. అప్పటికి షాలేమ్‌రాజు తోటల్లో సేఫ్టీ సూపర్‌వైజరుగా చేరి రెండేళ్లు, టోపీలు పెట్టుకోండి, బూట్లు వేసుకోండి అనడమే ఉద్యోగం. గడకు కట్టిన కత్తితో కోసేవాడు గెల కోస్తూ అరిచాడు. కింద పళ్లు ఏరుతున్న రామ్‌సింగ్‌కు అరుపు ఏ చెట్టు దగ్గరనుంచి వచ్చిందో తెలియలేదు, ఉరికాడు, సరిగ్గా ఆ చెట్టు కిందికే ఉరికాడు. ఇరవై అయిదు కిలోల గెల. ఇదే దవాఖానాకు తెచ్చేలోపే అయిపోయింది. అందరూ ఏడుస్తుంటే షాలేమ్‌రాజు మూడు రోజులు ఆ చెట్టు చుట్టూ తిరిగాడు, అడుగులు కొలిచాడు, అప్పుడూ తిట్టారు. కొలిస్తే తేలింది ఒక్కటే: ఉన్నచోటే ఉంటే బతికేవాడు. అప్పుడు ఆ రూలు. అరుపు వినగానే ఎక్కడున్నవాళ్లు అక్కడే ఆగాలి, కోసేవాడు చుట్టూ చూసి ఎవరెక్కడున్నారో చూసుకున్నాకే కత్తి వేయాలి. చెబితే ఎవరు వింటారు? అందుకని ప్రతి సోమవారం పొద్దున పనికి ముందు పావుగంట ఆడించాడు. అందరూ షెడ్డులో అటూ ఇటూ నడుస్తుండాలి, తను ఉన్నట్టుండి అరుస్తాడు, కదిలినవాళ్లు అవుట్. చివరి వరకు మిగిలినవాళ్లకు బిస్కెట్ ప్యాకెట్. నవ్వుకుంటూ ఆడేవాళ్లు. రామ్‌సింగ్ భార్య నవ్వేది కాదు, తల్లితో పాటు వచ్చిన పన్నెండేళ్ల పిల్ల నవ్వేది కాదు, ఆడేది మాత్రం. ప్రతి సోమవారం బిస్కెట్ ప్యాకెట్ ఆ పిల్లదే. కనురెప్ప కూడా కదిపేది కాదు. ఆ రూలు కింద ఎవరు పడున్నారో అందరికంటే దానికే తెలుసు.

పదకొండేళ్లలో తోటలో మళ్లీ ఎవరూ పోలేదు. అతని జీవితంలో నిజంగా గర్వపడే పని అదొక్కటే, దేవుని ముందు నిలబడితే చెప్పుకుందామని దాచుకున్నది. తప్పు రూలు కాదది. అరవాలన్నదీ తప్పు రూలు కాదు. ఏ రోటి దగ్గర ఆ పాట అంటారు, రెండు రోళ్లకూ పాట కట్టింది తనే, రెండు రోళ్ల దగ్గరా దంచేది ఆ పిల్లే అన్న సంగతి ఒక్కనాడు తట్టలేదు. ఎంత ఆరా తీసే బుర్ర, ఎన్ని ఫ్యూజులు చూసిన బుర్ర! ఆటలో ఆగమనడానికి విజిల్ ఉంది, తోటలో విజిల్ లేదు, అక్కడ అరుపే విజిల్. ఇంత చిన్న ముక్క. షాలేమ్‌రాజుకు సిగ్గేసింది, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి, జేబురుమాలు తీసి చెమట తుడుచుకున్నట్టు తుడుచుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. మంగ్లి బయటికి వచ్చింది, ఎడమ చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో. వెనక ఇంకో నర్సు, ఎముక సన్నగా చిట్లింది, ఆరు వారాలు కదపొద్దు, అని చెప్పి పోయింది. జట్టు క్యాంపు డిసెంబరులో. ఆరు వారాలంటే అంతకు ముందే అయిపోతాయి, వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. సాహిత్య లేచి నిలబడి నీళ్ల సీసా చాపింది. మంగ్లి కుడిచేత్తో తీసుకుని తాగి, బెంచీ మీద కూర్చుని, ఫారం వైపు చూసింది.

"నా పేరు రాయున్రి సార్. తప్పు నాదే. నేనే ఆగిన."

"ఎందుకాగినవ్?"

"ఏమో సార్. నాకే సమజైతలే. పోదామనే ఉండె. ఆ అక్క ఒర్రింది." సాహిత్య వైపు చూసింది, కోపం లేదు. "ఏమన్నదో గూడ వినలే. ఒర్రుడు వినంగనే చేతులు బ్రేకు పట్టినయ్. నేను పట్టలే సార్, అవే పట్టినయ్."

"సోమవారం బిస్కెట్లు యాదున్నయా?"

మంగ్లి అతని ముఖంలోకి చూసింది. ట్రాక్టరు గుంతలోంచి లేచి మిల్లు దారి పట్టింది, ఆ చప్పుడు పోయేదాకా అలాగే చూసింది.

"అవ్ సార్," అంది చివరికి. "మీరే ఆగమంటిరి గద."

ఆ మాటలో నింద లేదు. నింద ఉంటే బాగుండేది. ఎట్లా జరిగిందో తెలిసిపోయినప్పుడు ఎప్పుడూ అతనికి ఆకలి వేసేది, ఇప్పుడు వేయలేదు. ఇంకో ప్రశ్న మాత్రం వచ్చింది, ఈ బుర్ర ఊరుకోదు.

"ఒర్రుడు గాకుంటే మరేం జెయ్యాలె? ఎన్కనుంచి ఒస్తున్నట్టు ఎట్ల తెలువాలె?"

"బెల్లు కొడితే అయితది గద సార్. బెల్లు ఇంటే ఎవలన్న పక్కకి జరుగుతరు. బెల్లుకు ఎవలాగుతరు?"

సాహిత్యకు నవ్వొచ్చింది, భయంభయంగా ఆపుకుంది. షాలేమ్‌రాజు ఆపుకోలేదు. వరండా అంతా వినపడేలా నవ్వాడు, ఆయమ్మ తిరిగి చూసింది. బెల్లులు పీకించిందీ తనే! ఎర్రుపాలెం పిల్ల పెదవి కాపాడబోయి, మంగ్లి భుజం విరగ్గొట్టాడు. మూత లేని బెల్లులు ఉండవా, హ్యాండిల్ కింది వైపు బిగించేవి, రబ్బరువి? ఉంటాయి, ఖమ్మంలో అడగాలి. కమిటీలో మళ్లీ లేచి నిలబడాలి. నిలబడనిస్తారా? ఆ గడిలో ఆటగాళ్ల పేరే రాయాలని ఫారంలో ఎక్కడా లేదు, ముందూ వెనకా తిప్పి చూశాడు. ఎవరి పేరు ఎక్కినా శిక్ష ఒకటే, ఏడాది. పదిహేడేళ్లుగా ఒక్క ఆదివారం కూడా విజిల్ లేకుండా గడవలేదు. ఏడాది ఆదివారాలు ఆరాధనలో చివరి వరకు కూర్చోవాలి, సంపూర్ణకు సంతోషమే. మెడలోంచి విజిల్ తీసి చూసుకున్నాడు, పళ్ల గాట్లు పడి ఉంది, జేబులో వేసుకున్నాడు. పెన్ను మూత తీశాడు.

రెండూ యాభై. కింద కారణం అన్న చోట మూడు గీతలే ఉన్నాయి, తోట, అరుపు, బెల్లు, అన్నీ పట్టేలా సన్నగా రాశాడు, అంచుల్లోకీ రాశాడు. రాస్తుంటే మంగ్లి తల వంచి చదవబోయింది, అతను అట్టను అవతలికి తిప్పుకున్నాడు. సాహిత్య ఆ పిల్ల భుజం కింద తన హెల్మెట్ సంచీని మెత్తగా పెట్టింది. ఫోను మళ్లీ మోగింది.

"రాజుగారూ, రాసుకుంటున్నాను, పేరు చెప్పండి."

"షాలేమ్‌రాజు."

"అది కింద సంతకమండీ. పై గడిలో పేరు చెప్పండి."

మంగ్లి నీళ్ల సీసా పట్టుకున్నది పట్టుకున్నట్టే ఆగి, అతని వైపు చూస్తోంది.

"పై గడిదే చెప్తున్న సార్. రాసుకోన్రి."